లంబం కార్డులో నేను చేర్చిన వాక్యం

చర్చిలో ఎవరైనా నేను ఏం ఉద్యోగం చేస్తానని అడిగితే సాఫ్ట్‌వేర్ అని చెప్పేదాన్ని. అడిగినవాళ్లు తృప్తిపడి వెళ్లిపోయేవారు. నిజం చెబితే కూర్చోబెట్టి వివరించాల్సి వచ్చేది. నేను పదకొండేళ్లు మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ ఏడో అంతస్తులో కూర్చుని, లెక్కల్లోనూ భౌతికశాస్త్రంలోనూ వాడే మాటలకు అర్థాలు, పుట్టుకలు రాశాను. అంతకు ముందు తెలుగు మీడియం జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఆ కాలేజీ మూతపడితే ఇందులో చేరాను.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, ఏం చదవమంటారు?" అని అడుగుతున్నారు. ఏం చదవాలో వాళ్లకే నాకంటే బాగా తెలుసు. ఏం చేయకూడదో మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే చేశాను.

పని ఏమిటంటే

మా కంపెనీ బడిపిల్లలు ఫోన్లో చదువుకునే పాఠాలు తెలుగులో తయారుచేసేది. ప్రతి శాస్త్ర పదానికీ కంప్యూటర్లో ఒక కార్డు ఉండేది. కార్డులో నాలుగు గడులు: మాట, అర్థం, పుట్టుక, ఆధారం. నాలుగూ నిండాక రివ్యూయర్ దానికి తాళం వేయాలి. తాళం పడిన కార్డులో ఏముంటే అదే పాఠంలోకి, వీడియోలోకి, క్విజ్‌లోకి వెళ్తుంది. మొదటి మూడు గడులు నింపడానికి చదువు చాలు. నాలుగోదానికి కాస్త సిగ్గు కూడా ఉండాలి.

నాకు పని నేర్పింది ప్రసాదరావు గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్కల లెక్చరర్, మా మొదటి బాసు. ఆయన ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు. మా దగ్గర చేరిన ప్రతివాళ్లూ మొదటి వారంలోనే ఆయనకు త్రికోణమితిలో వచ్చే సైన్ అనే మాట కథ చెప్పేవారు. సంస్కృతంలో వింటి నారికి ఉన్న పేరు అరబ్బీలోకి వెళ్లి, అక్కడ దాన్ని మరో మాటగా చదువుకోగా, ఆ రెండో మాటను లాటిన్‌లోకి అనువదిస్తే సైన్ అయిందన్న కథ. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విని, "ఎక్కడ చదివారండీ?" అని అడిగేవారు. వాట్సాప్‌లో అన్నవాళ్లకు ఆ రోజంతా పని ఇచ్చేవారు కాదు. కథ నిజమే. అయినా ఇచ్చేవారు కాదు.

నాకూ ఆయనకూ మొదటి తగాదా స్నిగ్ధత దగ్గర వచ్చింది. తేనె, ఆముదం లాంటివి మెల్లగా పారడానికి కారణమైన గుణాన్ని మన పుస్తకాల్లో స్నిగ్ధత అంటారు. స్నిగ్ధం అంటే నూనె జిడ్డు ఉన్నది, ప్రేమ ఉన్నది కూడా. ఇంగ్లీషు మాట విస్కాసిటీ పుట్టుక చూస్తే, పిట్టలను పట్టడానికి కొమ్మలకు పూసే ఒక బంక దగ్గరికి వెళ్తుంది. మనవాళ్లకు అదే గుణంలో నూనె కనిపించింది, అవతలివాళ్లకు బంక కనిపించింది. నాకేమో ఇంట్లో చక్కగా జిగట అనే మాట ఉండగా ఈ స్నిగ్ధత ఎందుకనిపించింది. జిగట అని కార్డు రాసి పంపాను.

ఆయన పిలిచారు.

"కరుణ గారూ, పదో తరగతి పరీక్ష పేపర్లో ఏమని వస్తుంది?"

"స్నిగ్ధత అనే వస్తుందండి."

"మరి మీ జిగట నేర్చుకుని వెళ్లిన పిల్లాడు అక్కడ కూర్చుని ఏం చేస్తాడు? మీకు ఉత్తరం రాస్తాడా?"

జిగటను అర్థం గడిలోకి దింపి, స్నిగ్ధతను పైన ఉంచాను. ఆయన చెప్పింది అప్పుడు నాకు నచ్చలేదు. ఇప్పటికీ మనసులో జిగటే మంచి మాట. కానీ పరీక్ష రాసేది నేను కాదు.

వడి, వేగం

రెండో పాఠం ఇంకా ఖరీదుగా నేర్చుకున్నాను. మన పుస్తకాల్లో స్పీడ్‌ను వడి అంటారు, వెలాసిటీని వేగం అంటారు. ఎంత జోరుగా పోతున్నామో చెబితే వడి, ఎటు పోతున్నామో కూడా చెబితే వేగం. నాకు మాత్రం వడి పాతబడ్డ మాటగా అనిపించేది. బయట ఎవరి నోటా వినను, పిల్లలకు తెలియదు, తీసేద్దాం అనుకున్నాను. ప్రసాదరావు గారు కంటి ఆపరేషన్‌కు సెలవులో ఉన్నారు. అన్ని పాఠాల్లోనూ వడి ఉన్నచోటల్లా వేగం పెట్టే బటన్ ఒకటి ఉంది. నొక్కాను. అరనిమిషం పట్టింది.

నాలుగో రోజు సిద్దిపేట వైపు నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసింది.

"మేడం, ఏంది గిది? వేగానికి దిశ ఉండదంటరు, ఎంటనే వేగానికి దిశ ఉంటదంటరు. పోరగాండ్లు నన్ను సూసి నవ్వుతున్నరు."

ప్రసాదరావు గారు నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చి అంతా విన్నారు. "ఎన్ని పాఠాలు?" అన్నారు. ముప్పై ఆరు అన్నాను. "చేత్తో దిద్దండి" అన్నారు. తొమ్మిది రోజులు దిద్దాను. ఒక మాట మనకు నచ్చకపోయినంత మాత్రాన దానికి పని లేదని కాదు. అది అక్కడ ఏం మోస్తోందో చూడకుండా కదిపితే పైనున్నది మన నెత్తినే పడుతుంది. కొత్తగా చేరేవాళ్లకు ఇంతకంటే పెద్ద సూత్రమేదీ నా దగ్గర లేదు.

లంబం

ప్రసాదరావు గారు వెళ్లిపోయాక ఆయన స్థానంలో వంశీ వచ్చాడు. భోజనాలు ఇంటికి చేరవేసే కంపెనీ నుంచి వచ్చాడు. మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేవి చదివి అతన్ని అపార్థం చేసుకుంటారు. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకునేవాడు. మాటల పుట్టుకలతో నిమిషం నిడివి వీడియోలు చేద్దామన్నది అతని ఆలోచనే. అది మంచి ఆలోచనే కూడా.

మొదటి విడతలో లంబం నాకు వచ్చింది. ఒక గీతకు నిట్టనిలువుగా నిలిచే గీత. లంబం అంటే సంస్కృతంలో వేలాడేది. ఇంగ్లీషులో పర్పెండిక్యులర్ అంటారు. దాని లాటిన్ మూలం మేస్త్రీలు గోడ నిలువు చూసుకోవడానికి వాడే, కొసన బరువైన గుండు కట్టిన దారం పేరు. అందులో ఉన్నదీ వేలాడటమే. రెండు ఊళ్ల మేస్త్రీలూ ఒకరినొకరు చూడకుండా ఒకే గుండును వేలాడదీశారేమో అనిపించింది నాకు. అలా అనిపించడం వరకే, రాయలేదు. రెండు మాటలకూ ఆధారాలు దొరికాయి. ఆ రోజు నేను చాలా సంతోషంగా హఫీజ్‌పేట్ రైలెక్కాను.

వంశీ కార్డు చదివి, "బాగుందండి కరుణ గారు. కానీ విజువల్ ఏది? వేలాడేది అంటే ఏం చూపిస్తాం? ఒక మనిషి కావాలండి, ఒక యాక్షన్ కావాలి. యానిమేషన్ వాళ్లు నాలుగింటికి లాక్ చేసేస్తారు" అన్నాడు.

అప్పుడు మూడున్నర. నేను పుట్టుక గడిలో ఇంకో వాక్యం చేర్చాను. "పూర్వం తాపీ మేస్త్రీలు రెండు చేతులూ ఖాళీగా ఉండేందుకు గుండు దారాన్ని పళ్ల మధ్య పట్టుకుని, తల నిటారుగా ఉంచి గోడను చూసేవారు."

ఇది నాకెక్కడిది? ఎక్కడిదీ కాదు. మా అమ్మ బట్టలు కుట్టేటప్పుడు దారం పళ్లతో పట్టుకునేది, అక్కణ్నుంచి వచ్చి ఉంటుంది. ఆధారం గడిలో "క్షేత్ర సమాచారం" అని రాశాను. రివ్యూయర్ని నేనే కాబట్టి తాళం కూడా నేనే వేశాను. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది, టీ తాగాను.

వీడియో అందరికీ నచ్చింది. బుర్రమీసాల మేస్త్రీ ఒకాయన పళ్ల మధ్య దారంతో గోడ వైపు చూస్తుంటాడు, వెనకాల వేణువు వినిపిస్తుంటుంది. చర్చిలో పిల్లలు నాకే చూపించి, "ఆంటీ, ఇది తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను.

శిరీష

నాలుగేళ్ల తర్వాత శిరీష చేరింది. పాలమూరు అమ్మాయి, ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. తండ్రి యాదయ్య నార్సింగిలో కడుతున్న టవర్ల దగ్గర తాపీ మేస్త్రీ. తండ్రీకూతుళ్లు గోపన్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. మనిషి మోకాళ్లు పోయాయి, అయినా పరంజా ఎక్కుతున్నాడు. "నా నౌకరి పక్కా అయితే నాయినతోని ఆ ఎక్కుడు దిగుడు బంద్ చేపిస్త మేడం" అని శిరీష మొదటి నెలలోనే నాతో చెప్పింది. పక్కా కావడానికి ఆరు నెలల ప్రొబేషన్ దాటాలి.

ఆ ఆరు నెలలూ ఆమెకిచ్చిన పని పాత కార్డులు తనిఖీ చేయడం. లంబం కార్డు దగ్గర ఆగింది. వీడియో చూసి తాళం తీసి, "ఆధారం లేదు. మేస్త్రీలు ఇట్లా పట్టుకోరు" అని రాసి తిప్పి పంపింది. అన్నిటికంటే ఎక్కువమంది చూసిన వీడియో అది. వంశీ మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"శిరీషా, దీనికి త్రీ సోర్సెస్ ఉన్నాయి. ఒక టీచర్స్ గైడ్, ఒక వెబ్‌సైట్, ఒక క్విజ్ బుక్. మూడూ వేరే వేరే వాళ్లవి. నీ దగ్గర ఏముంది?"

"మా నాయిన ఉన్నడు సార్."

"అంటే?"

"ముప్పై ఏండ్ల సంది మేస్త్రీ పని జేస్తుండు. గుండు చేత్తోనే పడ్తడు. నోట్ల పెట్టుకోడు."

"పూర్వం అని ఉంది కదమ్మా. మీ నాన్న పూర్వం కాదు కదా."

"మా తాత గూడ మేస్త్రీయే సార్."

వంశీ ఆ మూడు కాగితాలూ నా ముందుకు జరిపాడు. చదివాను. మూడింటిలోనూ "తల నిటారుగా ఉంచి" అని ఉంది. మేస్త్రీల పుస్తకాల్లో అలా ఎవరూ రాయరు, పాతికేళ్లు పిల్లలను బెంచీల మీద సరిగ్గా కూర్చోమన్న మనిషే రాస్తుంది. మూడూ నా కార్డు చూసి రాసుకున్నవే. నా అబద్ధం ఊరంతా తిరిగి, మూడు కొత్త చొక్కాలు తొడుక్కుని, నాకే సాక్ష్యం చెప్పడానికి వచ్చింది.

కాగితాలు మళ్లీ వంశీ ముందుకు జరిపాను. భయం వేసింది. సర్వీసు ఇంకా రెండేళ్లుంది. అంతకంటే ఎక్కువగా, పక్కన కూర్చున్న ఆ అమ్మాయి ముందు సిగ్గుగా అనిపించింది. వాడూ వీడూ రాసిన పుట్టుకలను తొమ్మిదేళ్లుగా వెనక్కి కొట్టిన దాన్ని.

వంశీ న్యాయంగానే మాట్లాడాననుకున్నాడు. "కరుణ గారు, మీరే వెళ్లి వాళ్ల నాన్నగారిని వీడియో తీసుకురండి. పళ్లతో పట్టుకుంటే కార్డు క్లోజ్. లేదంటే మళ్లీ ఆలోచిద్దాం" అన్నాడు. శిరీష ప్రొబేషన్ ఫారం కూడా నాకే ఇచ్చాడు. సోమవారానికి సంతకం కావాలి. అందులో అప్పటికే ఒక వాక్యం టైపు చేసి ఉంది: ఆధారమున్న కార్డును వ్యక్తిగత అభిప్రాయంతో తిరస్కరించారు. దాని కింద నా సంతకం పడితే ఆ అమ్మాయి ఇంటికి పోవాల్సిందే.

ఆ మూడు రోజులూ నేను కోరుకున్నది ఏమిటో దాచకుండా చెబుతాను. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒక మేస్త్రీ, నిజంగానే దారం పళ్లతో పట్టుకుంటూ ఉండాలని కోరుకున్నాను. దేవుణ్ని అడగలేదు గాని, అడిగినంత పని చేశాను. నేను కల్పించింది నిజమైపోతే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

సోమవారం, దాని ముందు ఆదివారం

సోమవారం సంగతి ముందు చెబుతాను, అది సులువు. ఫారంలో టైపు చేసిన వాక్యం కొట్టేసి, లంబం కార్డులో పళ్ల సంగతి కల్పించింది నేనేననీ శిరీష తిరస్కరించడం సరైన పనేననీ రాసి సంతకం చేశాను. వంశీ రెండుసార్లు చదివాడు. "దీన్ని పాజిటివ్‌గా ఎలా ఫ్రేమ్ చేద్దామండి?" అన్నాడు. చేయొద్దన్నాను. శిరీష ఉద్యోగం పక్కా అయింది. యానిమేషన్ మళ్లీ గీయడానికి మనుషులు దొరకక ఆ వీడియో ఇంకో ఐదు నెలలు నడిచింది. టీచర్స్ గైడ్ వాళ్లకు ఉత్తరం రాస్తే, మా ఆధారాలు మాకున్నాయని జవాబిచ్చారు. నన్నెవరూ ఏమీ అనలేదు. ఒక మెమో అయినా ఇచ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. శిరీష చాలా కాలం నాతో పని వరకే మాట్లాడింది. అందులో ఆమె తప్పేమీ లేదు.

ఇక ఆదివారం. ఆరాధన అయ్యాక చీర కూడా మార్చుకోకుండా ఆటోలో నార్సింగి వెళ్లాను. టవర్ కింద ఇటుకల పక్కన శిరీష, ఆమె తండ్రి నిలబడి ఉన్నారు. యాదయ్య ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు. నేను నమస్కారం పెట్టేలోపే ఆయన రెండు చేతులూ జోడించాడు.

"మా పోరి తెల్వక అన్నది మేడం. మనసుల పెట్టుకోకుండ్రి. మేము నోట్లనే పట్టుకుంటం."

"నాయినా!" అంది శిరీష.

"నువ్వు జర ఊకో బిడ్డా."

నేను ఫోన్ తీసి, "యాదయ్య గారూ, రోజూ ఎలా చూస్తారో అలాగే చూడండి" అన్నాను. నాకు కావాల్సింది దొరకబోతోంది. రికార్డు బటన్ నొక్కాను.

ఆయన సంచిలోంచి గుండు తీశాడు. అరచేతిలో అరిగిన ఇత్తడి గుండు, అరకిలో పైనే ఉంటుంది. దారం పైకొస ఎక్కడ కరవాలో తెలియక రెండు మూడు చోట్ల చూసుకున్నాడు. పళ్ల మధ్య పెట్టుకుని, చేతులు రెండూ పక్కకు చాపి, తల నిటారుగా పెట్టాడు. అచ్చం వీడియోలో బుర్రమీసాల ఆయన నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఆ వీడియో ఆయన ఎన్నిసార్లు చూసి నేర్చుకున్నాడో.

గుండు నిలవలేదు. మనిషి ఊపిరి పీలుస్తాడు, వదులుతాడు, ఆ కాస్త కదలికకే అంత దారం కింద బరువు ఊగుతుంది. లోలకం గురించి పాతికేళ్లు పాఠం చెప్పిన నాకు, ఆ వాక్యం రాసిన మధ్యాహ్నం ఈ చిన్న సంగతి తట్టలేదు. ఆయన అది కనిపెట్టి ఊపిరి బిగబట్టాడు. మెడ నరాలు పైకి తేలాయి. గుండు కొంచెం తగ్గి, మళ్లీ ఊగింది. ముప్పై ఏళ్లుగా గోడలు నిలబెట్టిన మనిషి నా ముందు గోడ చూడటం రానివాడిలా నిలబడ్డాడు. చేత్తో, తీయండి మేడం, తీయండి అని సైగ చేస్తున్నాడు.

"నాయినా, గట్లెప్పుడు పట్టినవే? ఇడువు" అని శిరీష ఏడుపు గొంతుతో అంది.

నేను ఫోన్ దించేశాను. "వదిలేయండి యాదయ్య గారూ. అది నేను కల్పించి రాశానండి. ఎవరూ అలా పట్టుకోరు. మీ అమ్మాయి చెప్పిందే నిజం."

శిరీషకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక అడుగు వెనక్కి వేసింది. యాదయ్య మాత్రం నోరు తెరవలేదు. దారం పళ్ల మధ్య ఉండగానే, పెదవులు కదలకుండా అడిగాడు.

"బిడ్డ నౌకరికేం గాదు గద మేడం?"

ఏం కాదన్నాను.

"రాసిస్తరా?"

రాసిస్తానన్నాను. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. నా దగ్గర తెల్ల కాగితం లేదు. చేతిసంచిలో ఆ రోజు ఆరాధనలో ఇచ్చిన పాటల కాగితం ఉంటే దాని వెనక, లంబం కార్డులో పళ్ల సంగతి నేను కల్పించాను, శిరీష తప్పు లేదు అని రాసి, సంతకం పెట్టి ఆమెకిచ్చాను. ఆమె దాన్ని తండ్రికి చదివి వినిపించింది. ఇంకోసారి చదవమని సైగ చేశాడు. రెండోసారి పూర్తిగా విన్నాక దారం వదిలాడు.